కూడు పెట్టని చదువట!

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రపు రెజైనా నగరమున తెలుగువారు నలుగురు కూడిన యింట, భోజనములు ముగిసి పిల్లల చదువుల ప్రస్తావన వచ్చినంతనే, ఒక అభిప్రాయము తప్పక వినవచ్చును. ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ.కు గాని పిహెచ్.డి.కి గాని దరఖాస్తు పెట్టుట బుద్ధి గలవారు చేయు పని కాదని దాని సారము. ఇదే మాటను కాకినాడలోను, హనుమకొండలోను విదేశీ చదువుల కన్సల్టెన్సీవారు కుర్చీలో వెనుకకు వాలి చెప్పుదురు. మేనమామలు ఫోనులో చెప్పుదురు. జీవితమున ఒక్క నవలనైనను తుదివరకు చదువనివారు మఱింత గట్టిగా చెప్పుదురు. ఇన్ని నోళ్లు ఒక్క మాటనే పలుకుచుండుటచేత అది సత్యమై యుండునని వినువారు నమ్ముచున్నారు. అది సత్యము కాదని చూపుటయే ఇచట నా పని.

ప్రతివాది మాటను వికృతము చేసి, ఆ వికృతరూపమును పడగొట్టి చంకలు గుద్దుకొనుట నాకు సమ్మతము కాదు గనుక, ఆ వాదమును దాని పక్షమువారు చెప్పగలిగినంత బలముగానే మొదట చెప్పుచున్నాను. ఉత్తర అమెరికాలో ఇంగ్లీషు ఆచార్యపదవులు 2008 నాటి ఆర్థికసంక్షోభము మొదలుకొని క్షీణించుచునే యున్నవి. విరమించిన ఆచార్యుని స్థానమున మఱియొకరిని స్థిరముగా నియమింపక, ఆ పాఠములను సెమిస్టరున కింతయని మాటాడుకొని చెప్పించుకొను విశ్వవిద్యాలయములు పెక్కు. విదేశీ విద్యార్థి ఇచటివారికంటె ఎక్కువ రుసుము కట్టవలెను; అదిగాక, మొదటి సంవత్సరపు రుసుమును ప్రయాణవ్యయమును విడిచి, ఒంటరిగా వచ్చువాడైనను 22,895 డాలర్లు చేత నున్నట్లు చూపవలెనని 2025 సెప్టెంబరునుండి నియమము. ఇంగ్లీషు మాతృభాషగా గలవారే ఈ చదువు విడిచి పోవుచుండగా, పరభాషగా నేర్చుకొన్న మనవారు అందు నెగ్గుట యెట్లు? పుస్తకములు చదువవలెనను కోరిక యున్నచో గ్రంథాలయము లేదా? ఇది వారి వాదము. ఇందు నిజమైన వాక్యములు లేకపోలేదు. కొన్ని అక్షరాల నిజములు. అయినను, ఆ వాక్యములనుండి వారు పిండి తీయుచున్న నిర్ణయము మాత్రము ఏ వైపునుండి త్రోసినను నిలువదు.

1. ఉద్యోగము లేదను మాట

ఈ వాదమునకు వెన్నెముక ఉద్యోగము. ఆచార్యపదవులు అరుదు, కావున సాహిత్యమున ఎం.ఏ. వ్యర్థము అని తర్కము నడచును. ఈ రెండు వాక్యముల నడుమ మూడవ వాక్య మొకటి దాగియున్నది: ఎం.ఏ. చదివిన ప్రతివాడును ఆచార్యుడు కావలెను, కానివాడు చెడిపోయినవాడే. దానిని పైకి చెప్పినచో చెప్పినవారికే నవ్వు వచ్చును గనుక వారు చెప్పరు. గణితమున ఎం.ఎస్సీ. చదివినవారందఱు గణితాచార్యులైరా? సివిలు ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని, ఒక్క వంతెననైనను కట్టక, టొరంటోలోను కాల్గరీలోను కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసికొనుచున్న మనవారిని చూచి, వారి చదువు వ్యర్థమయ్యెనని ఏ మేనమామయు నిట్టూర్చుట లేదు. చదివిన శాస్త్రమునకును చేయు కొలువునకును నేరుగా ముడి యుండవలెనను పరీక్షను ఒక్క సాహిత్యమునకే పెట్టుట న్యాయమా?

ఆచార్యపదవి మాట అటుండనిచ్చి, ఈ పక్షమువారు ఇంకొక ఆయుధమును తీయుదురు. అదియే వారికి మిక్కిలి ప్రియమైనది. చదువు ముగిసిన పిమ్మట పనిచేయుటకు అనుమతి, ఆపై స్థిరనివాసము, ఇవి రావలెనన్నచో "పనికివచ్చు" కోర్సు తీసికొనవలెనని, అనగా ఏదేని యొక కళాశాలలో బిజినెస్ మేనేజిమెంటు డిప్లొమా వంటిది తీసికొనవలెనని, వారు దశాబ్దముగా బోధించుచున్నారు. ఏమి జరిగెనో కొంచెము నిలిచి చూడవలసియున్నది. కెనడాలో 2024 మే 15 నుండి, ప్రభుత్వ కళాశాలల పాఠ్యక్రమమును తెచ్చుకొని ప్రైవేటువారు నడపు సంస్థలలో క్రొత్తగా చేరువారికి చదువనంతరపు పని అనుమతి లేకుండ పోయెను. అదే సంవత్సరము నవంబరు 1 నుండి, ఆ అనుమతి కోరు కళాశాల డిప్లొమావారు ప్రభుత్వము ప్రకటించిన కొన్ని రంగములలోనే, అనగా వైద్యము, వ్యవసాయము, సాంకేతికవిద్యలు, చేతివృత్తులు, రవాణా మొదలగువానిలోనే, చదివియుండవలెనని నియమము పుట్టెను. ఆ పట్టికలో బిజినెస్ మేనేజిమెంటు లేదు. విశ్వవిద్యాలయపు బి.ఏ., ఎం.ఏ., పిహెచ్.డి. పట్టములు పొందినవారికి మాత్రము ఈ రంగముల నిర్బంధము లేదు. వారు చదివినది చరిత్రయైనను, తత్త్వశాస్త్రమైనను, ఆంగ్లసాహిత్యమైనను సమానమే. అంతియేగాక 2024 ఫిబ్రవరి 15 నుండి, రెండేండ్లకు తక్కువ కాలపు ఎం.ఏ. చేసినవారికిని మూడేండ్ల అనుమతి లభించు నవకాశము కలిగెను. భార్యకు గాని భర్తకు గాని పని అనుమతి యిచ్చు విషయమునను, 2025 జనవరినుండి పదునాఱు నెలలకు తక్కువ కాని ఎం.ఏ. కోర్సులకు మన్నన దక్కెను. సామాన్యపు డిప్లొమాలకు దక్కలేదు.

పనికివచ్చునని చెప్పినది పనికిరాకపోయెను. పనికిరాదని చెప్పినది నిలిచెను. ఇందుకు నేను సంతోషించుట లేదు. సలహా విని అప్పు చేసి వచ్చిన ఆ పిల్లల తప్పేమి? అట్టి సలహా నిచ్చినవారు మాత్రము ఇంతవఱకు నోరు మెదపలేదు సరిగదా, అదే నోటితో సాహిత్యము దండుగయని చెప్పుచునే యున్నారు. నియమములు రేపు మఱల మారవచ్చును, ఆనాడు ఎం.ఏ.కే చేటు మూడవచ్చును. ప్రభుత్వపు పట్టికను చూచి చదువు నిర్ణయించుకొనువాడు పట్టిక మారినపుడెల్ల మోసపోవునని చెప్పుటయే నా తాత్పర్యము గాని, ఇంగ్లీషు ఎం.ఏ. స్థిరనివాసమునకు దొడ్డిదారి యని చెప్పుట కాదు. నివాసానుమతియే పరమావధిగా గలవారు ఈ చదువునకు దరఖాస్తు పెట్టకుండుటే మేలు. నవలలు వారిని విసిగించును, వారు గురువులను విసిగింతురు.

2. ఇంగ్లీషు కావలెను, ఇంగ్లీషు చదువు వలదు

ఎల్.కె.జి. మొదలు పిల్లవానికి ఇంగ్లీషు మాధ్యమమే కావలెనని ఇల్లు తాకట్టు పెట్టి బడి రుసుము కట్టినవారు ఎవరు? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమమును తేబూనినపుడును, 2022లో తెలంగాణము అదే త్రోవ త్రొక్కినపుడును హర్షించినవారు ఎవరు? వారే, ఆ భాషను దాని మూలమువఱకు పోయి నేర్చుకొందునను బిడ్డను చూచి తల పట్టుకొనుచున్నారు. ఆ లక్షల పిల్లలకు ఆ భాషలో పాఠము చెప్పువా రెవ్వరు? ఇంటరులో గైడును బట్టీ పట్టించి నెట్టుకొచ్చినవారేనా? భాష అందఱికిని కావలెను, దానిని లోతుగ చదివినవాడు మాత్రము ఎవరి యింటను ఉండరాదు. ఈ మాటకు అర్థమేమో నాకు బోధపడలేదు.

3. అది మన సొత్తు కాదను మాట

మాతృభాషీయులతో పోటీపడుట యెట్లను శంకకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కఱలేదు, రెజైనాలోనే కలదు. ఇచటి విశ్వవిద్యాలయము 1911లో మెథడిస్టు క్రైస్తవులు స్థాపించిన రెజైనా కళాశాలనుండి పెరిగి, కొంతకాలము సస్కాచెవాన్ విశ్వవిద్యాలయమునకు శాఖగా నుండి, 1974లో స్వతంత్రమయ్యెను. అది ఇంకను శాఖగా నున్న 1963లోనే సరోస్ కవాస్జీ ఇంగ్లీషు బోధించుటకై ఇచటికి వచ్చెను. ఆయన జన్మస్థలము సికిందరాబాదు, జననము 1931. పార్సీయే గాని తెలుగువాడు కాడు, నిజమే. అయినను మన సికిందరాబాదు వీధులలో పుట్టినవాడు, ఆగ్రాలో ఎం.ఏ. చదివినవాడు, ఇంగ్లాండులోని లీడ్స్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి డాక్టరేటు పొందినవాడు. పరిశోధించిన దెవ్వరినో గమనింపుడు: ఐరిష్ నాటకకర్త షాన్ ఓ కేసీని. దక్కనులో పుట్టినవాడు డబ్లిను మురికివాడల నాటకములపై గ్రంథము వ్రాసి 1963లో ప్రకటించెను. పిదప ముల్క్ రాజ్ ఆనంద్ నవలలపై 1977లో మఱియొకటి వ్రాసెను. నడుమ 1974లో "గుడ్‌బై టు ఎల్సా" అను నవలయు వ్రాసెను. సస్కాచెవాను గోధుమపొలముల నడుమ పుట్టి పెరిగిన పిల్లలకు మూడు దశాబ్దములు ఇంగ్లీషు పాఠము చెప్పెను. తమ భాషను తమకు చెప్పుటకు సికిందరాబాదువాడెందులకని ఆ పిల్లలు వెనుదిరిగి పోలేదు.

ఇంకొక వైపునుండి, తెలుగుపై అభిమానము గలవారు, ఇంగ్లీషు సాహిత్యము చదువుట దాస్యబుద్ధి యని గద్దింతురు. వారికి నలుగురు తెలుగు రచయితల పేర్లు చాలును. బుచ్చిబాబు అనంతపురమునను విశాఖపట్టణమునను ఇంగ్లీషు ఉపన్యాసకుడు. త్రిపుర కాశీలో ఇంగ్లీషు చదివి అగర్తలాలో దానినే బోధించినవాడు. మో బెజవాడలో ఇంగ్లీషు పాఠము చెప్పెను, కె. శివారెడ్డి హైదరాబాదు వివేకవర్ధని కళాశాలలో. ఆంగ్లసాహిత్యము వీరిని తెలుగుకు దూరము చేసెనని చెప్పగల ధైర్యము ఎవ్వరికైన గలదా? వీరిని తీసివేసి ఆధునిక తెలుగు సాహిత్యచరిత్రను వ్రాయుట కుదురునేమో, దయచేసి వ్రాసి చూపుడు.

4. ఇంటిలో చదువుకొనరాదా?

ఈ ప్రశ్న సౌమ్యముగా వినిపించును. కాని అన్నిటికంటె ప్రమాదమైనది ఇదియే, ఏలయన సాహిత్యపరిశోధన యనగా తీరిక వేళ నవల చదువుటయే యను భ్రమపై ఇది నిలిచియున్నది. ఒక్క దృష్టాంతము చాలును, అదియు ఈ రాష్ట్రపుదే.

మరియా క్యాంప్‌బెల్ ఉత్తర సస్కాచెవానున పుట్టిన మేతీ స్త్రీ; ఆదివాసులకును ఐరోపావారికిని కలిగిన సంతతి నుండి పుట్టిన జాతి అది. ఆమె ఆత్మకథ "హాఫ్‌బ్రీడ్" 1973లో టొరంటోలోని మెక్లెలాండ్ అండ్ స్టూవర్ట్ ప్రచురణసంస్థ వెలువరింపగా, అది దేశమంతట ప్రసిద్ధమై పాఠ్యగ్రంథమయ్యెను. తనకు పదునాలుగేండ్ల ప్రాయమున రాయల్ కెనేడియన్ మౌంటెడ్ పోలీసువారి వలన జరిగిన అత్యాచారమును ఆమె అందు వ్రాసెను. ఆ పుటలను ఆమె ఇష్టమునకు వ్యతిరేకముగ అచ్చునుండి తొలగించిరి. ఆ పోలీసుదళమున చేరువా రెల్లరును నేటికిని శిక్షణ పొందునది మన రెజైనాలోనే. కవాతు చేయుచున్న వారి బారును ఇచటి తెలుగు పిల్లలు బడి విహారములలో పోయి చూచి వచ్చుచుందురు. తొలగింపబడిన పుటలు ఎచట బయటపడెను? హామిల్టనులోని మెక్‌మాస్టరు విశ్వవిద్యాలయమున భద్రపఱచిన ఆ ప్రచురణకర్తల కాగితములలో. బయటపెట్టిన దెవ్వరు? సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమున పిహెచ్.డి. చేయుచుండిన అలిక్స్ షీల్డ్ అను విద్యార్థిని. ఆమెయు, అధ్యాపకురాలైన డియానా రేడరును కలిసి 2018లో ఆ సంగతి ప్రకటించిరి. 2019లో ఆ పుటలతో కూడిన గ్రంథము మఱల అచ్చయ్యెను.

ఇంటిలో కూర్చొని చదివిన పాఠకుడు నలువదియైదు సంవత్సరములు ఆ పుటలు లేని పుస్తకమునే చదివెను. అతని తప్పు లేదు. అచ్చులో లేనిది అతనికెట్లు తెలియును? వ్రాతప్రతికిని అచ్చుప్రతికిని నడుమ ఏమి జాఱిపోయెనో వెదకుట నేర్చినవారికి, ఆ కాగితముల పెట్టెలు తెఱచు నధికారము గలవారికి మాత్రమే అది దొరకును. ఆ నేర్పును, ఆ అధికారమును ఇచ్చునది పరిశోధనవిద్య. మనకును ఇది క్రొత్త కాదు: 1897 నాటి కన్యాశుల్కమునకును 1909 నాటి కన్యాశుల్కమునకును గల భేదము తెలియక గురజాడను గూర్చి తీర్పులు చెప్పువారిని మన పండితులు ఎంత తీక్ష్ణముగ మందలింతురో ఎఱుగనివా రెవరు?

5. దరఖాస్తులు త్రిప్పికొట్టుదురను మాట

"మనవాళ్లు పెట్టారండీ, రాలేదు" అని సాక్ష్యము చెప్పుదురు. రాకపోవుటకు కారణము చదువునందు లేదు, దరఖాస్తునందు కలదు. ఆ దరఖాస్తును ఆ విధముగ తయారు చేయించినది పెక్కుసారులు ఈ వాదమును చెప్పువారే. ఇచట నేను కొంచెము విస్తరింపక తప్పదు.

ఆంగ్లసాహిత్యశాఖవారు ముఖ్యముగ అడుగునవి నాలుగు: మార్కుల పత్రములు, సిఫారసు లేఖలు, ఉద్దేశపత్రము, విద్యార్థి స్వయముగ వ్రాసిన విమర్శవ్యాసము. కెనడాలో జి.ఆర్.ఇ.ని సామాన్యముగ అడుగరు; సాహిత్యమునకు ప్రత్యేకముగ నుండిన జి.ఆర్.ఇ. పరీక్షను దాని నిర్వాహకులే 2021లో ఎత్తివేసిరి. అయినను మన ఊళ్లలో జి.ఆర్.ఇ.కి కోచింగు ఇప్పించుచునే యున్నారు! సిఫారసు లేఖను విద్యార్థియే వ్రాసికొని పోయి సారుగారిచేత సంతకము చేయించుకొనుట మనకు మామూలు. ఒకే రచనారీతి మూడు లేఖలలో కనబడినపుడు, జీవితమంతయు శైలిని పరీక్షించుటయే వృత్తిగా గల ఆచార్యులు దానిని గుర్తింపరని అనుకొనుట ఏమి తెలివి?

గోదావరి డెల్టానుండి ఒక అమ్మాయి తన ఉద్దేశపత్రమును నాకు పంపెను. కన్సల్టెన్సీవారు వ్రాసి యిచ్చినది. చిన్ననాటనుండియు షేక్స్పియరనిన తనకు వల్లమాలిన ప్రేమయని ఆరంభము; ప్రపంచస్థాయి బోధన, బహుళసంస్కృతుల వాతావరణము అని నడుమ పొగడ్తలు; మూడవ పేరాలో వేఱొక రాష్ట్రపు విశ్వవిద్యాలయము పేరు మార్చుట మఱచి అట్లే వదలివేసిరి. నీకు నిజముగ మనసున నిలిచిన పుస్తకమేదమ్మా యని అడిగితిని. హార్డీ నవల టెస్ అని చెప్పెను. నాయిక టెస్ ఎముకలు కొఱుకు చలిలో ఫ్లింట్‌కూంబ్ యాష్ పొలమున దుంపలు త్రవ్వుటయు, ఆవిరితో నడచు నూర్పిడియంత్రముపై రోజంతయు నిలిచి కట్టలు విప్పి అందించుటయు చదివినపుడు, ఊడ్పులకు పోయి నడుము పట్టుకొని ఇంటికి వచ్చు తన తల్లి కనబడెనట. పనిని హార్డీ ఎంత లెక్కగా, గంట గంటగా వర్ణించునో, కూలి డబ్బుల సంగతిని ఎంత తక్కువగా చెప్పునో చూపుచు డిగ్రీ చివరియేట పదునాలుగు పుటల వ్యాసము వ్రాసెనట. దానిని పంపితివా యని అడుగగా, "వద్దన్నారండీ. పొలం పనుల సంగతి రాస్తే చీప్‌గా ఉంటుందన్నారు" అని చెప్పెను.

ఏ శాఖవారైనను ఏ విద్యార్థినుండియైనను కోరుకొనునది ఆ పదునాలుగు పుటలే. దానిని దాచి, వేయిమంది పంపు అబద్ధమును పంపించి, సీటు రాకపోయినచో మాతృభాషీయులతో మనము పోటీపడలేమని తేల్చుట ఈ పక్షమువారి పద్ధతి. ఆ అమ్మాయికి సీటు వచ్చెనా రాలేదా యను ప్రశ్నకు ఇచట తావు లేదు. ఒక్కరికి వచ్చుట వలన నా వాదము నెగ్గదు, రాకపోవుట వలన ఓడదు. ఎచటికి పంపుచున్నామో, అచట ఎవరు ఏమి బోధించుదురో, తన ప్రశ్నకును వారి పరిశోధనకును సంబంధమేమో తెలిసికొనక పంపిన దరఖాస్తును తిరస్కరించుట మాత్రము న్యాయమే. రెజైనాలో సృజనాత్మక రచనతో కలిపిన ఎం.ఏ. కలదు, అదే ప్రాంగణమున, 1976లో వేఱు పేరుతో పుట్టి 2003లో నేటి పేరు దాల్చిన ఆదివాసుల విశ్వవిద్యాలయము కలదు. వీనిని గూర్చి ఒక్క వాక్యమైన వ్రాయని పత్రము రెజైనాకు వ్రాసినది కాదు.

6. డబ్బు మాట

దీనిలో నిజమున్నదని మొదటనే ఒప్పుకొంటిని. ఎం.ఏ. స్థాయిలో కెనడా ప్రభుత్వపు పెద్ద ఉపకారవేతనములు విదేశీయులకు లేవు, ఆ వేతనము ఏడాదికి 17,500 డాలర్లనుండి 2024లో 27,000 డాలర్లకు పెరిగినను, అది పౌరులకును స్థిరనివాసులకును శరణార్థులుగ రక్షణ పొందినవారికిని మాత్రమే. సరే. అయినచో రెజైనాలో ఈ వాదము వినుచు తల వంచుకొని కూర్చున్న పదునెనిమిదేండ్ల పిల్ల యెవతె? ఇచటనే బడికి పోయినది, ఇచటి పౌరురాలు. ఎం.ఏ.కు చేరునాటికి ఆ 27,000 డాలర్లకు పోటీపడు హక్కు ఆమెకు పూర్తిగ కలదు. కాకినాడ పిల్లకు వర్తించు అడ్డంకిని రెజైనా పిల్లకు చెప్పి ఆపుట తప్పుడు లెక్క గాక మఱేమి?

కాకినాడ పిల్ల మాటకు వచ్చెదను. బోధనసహాయకపు ఉద్యోగము గాని శాఖ యిచ్చు నిధి గాని లేని ప్రవేశపత్రమును ఆమె తిరస్కరింపవలెను; పొలము అమ్మి ఈ చదువునకు రావలదు; ఇది నేను నిష్కర్షగ చెప్పుచున్నాను. కాని దరఖాస్తు పెట్టుట వేఱు, విమానమెక్కుట వేఱు. దరఖాస్తునకగు ఖర్చు దాని రుసుమును, ఒక శీతకాలపు శ్రమయు. ఎవ రేమి యిచ్చుదురో ఆ తరువాతనే తెలియును. తెలిసిన పిమ్మట వలదనుకొనుటకు ఆమెకు పూర్ణ స్వాతంత్ర్యము కలదు. దరఖాస్తే పెట్టవలదనువారు, ఇంకను ఎవ్వరును చెప్పని జవాబును తామే చెప్పి, ఆ స్వాతంత్ర్యమును ఆమె చేతినుండి ముందుగనే లాగికొనుచున్నారు. ఆ అధికారము వారి కెవ్వ రిచ్చిరి?